రెండో మీటరు

సింగపూర్‌లో కాపురముంటున్న శశికాంత్ శనివారం పొద్దున వేసుకున్న పథకంలో పెద్ద విశేషమేమీ లేదు. భార్య వసుంధర నవరాత్రి పూల కోసం కూతురు దీక్షితను వెంటబెట్టుకుని టెక్కా మార్కెట్‌కు వెళ్తుంది. తల్లి శ్యామలాదేవి పక్క ఫ్లాటు ఆవిడతో కబుర్లలో పడితే భోజనాల వేళకు గానీ తేలదు. ఈలోగా తాను పాసిర్ రిస్ వెళ్ళి, స్నేహితుడు అభిజిత్ ఇంట్లో ఆరు నెలలుగా తలదాచుకుంటున్న ఒక వస్తువును బుకిట్ బటోక్‌లోని తన ఇంటికి చేర్చాలి. అభిజిత్ భార్య దాన్ని చూసేసిందట. చూసి, "అదా, నేనా?" అని అడిగిందట. అభిజిత్ జవాబు చెప్పేముందు కాసేపు ఆలోచించాడని, గొడవ అక్కడే ముదిరిందని వినికిడి.

ఆ వస్తువు ఒక గ్యాస్ మీటరు. ఇప్పటిది కాదు. కరెంటు దీపాలు రాకముందు పెద్ద పెద్ద ఊళ్ళలో కలిగినవాళ్ళు గొట్టాల్లో వచ్చే గ్యాస్‌తో ఇంట్లో దీపాలు వెలిగించుకునేవాళ్ళు. గోడకు ఇత్తడి కొమ్మ, కొమ్మ చివర బుల్లి కుళాయి, దాని మీద గాజు బుడ్డి. కుళాయి తిప్పి అగ్గిపుల్ల చూపిస్తే మంట చేపతోకలా విచ్చుకునేది. ఎంత గ్యాస్ కాలిందో చెప్పడానికి మెట్ల కిందో, తలుపు వెనకో ఒక తగరపు పెట్టె ఉండేది. చాంగీ బిజినెస్ పార్క్‌లో ఒక బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాసే శశికాంత్‌కు ఈ సామానంటే ప్రాణం. ఒకరికి పేకాట పిచ్చి, ఒకరికి క్రికెట్ పిచ్చి, ఇతనికి ఆరిపోయిన దీపాల పిచ్చి. మంచం కింద రెండు ప్లాస్టిక్ తొట్టెల నిండా ఇత్తడి కొమ్మలూ కుళాయిలూ పగుళ్ళిచ్చిన బుడ్లూ ఉన్నాయి.

ఉగాది ముందు ఇల్లు దులుపుతుండగా వసుంధర ఆ తొట్టెల్లో ఒకదాన్ని తన్నుకుని బొటనవేలు చితక్కొట్టుకుంది. ఆమెది వరంగల్లు. ఏ మాటైనా ఒక్కసారే చెబుతుంది.

"ఇగో శశీ, మంచిగ చెప్తున్న. ఇంకొక్క ఇత్తడి ముక్క ఈ ఇంట్లకు వచ్చిందనుకో, ఉన్నయన్నీ పాత సామాన్ల కరంగుని ఆయనకు ఇచ్చేస్త. పైసలు గూడ అడగ."

శశికాంత్ బుద్ధిగా తలూపాడు. ఊపిన మెడ నొప్పి తగ్గకముందే మీటరు కొన్నాడు. మీటరు తగరంతో చేసింది, ఇత్తడి కాదు, కనుక మాట తప్పినట్టు కాదని తన తరఫున తానే వకాల్తా పుచ్చుకున్నాడు. ముందువైపు ఒక ఇత్తడి రేకు అతికించి ఉంది గానీ అది మరీ చిన్నదని సరిపెట్టుకున్నాడు.

మీటరును సోనా మసూరి బియ్యం సంచిలో పెట్టుకుని, ద్వీపం ఆ కొస నుంచి ఈ కొసకు రైల్లో వచ్చాడు. ఎదురు సీట్లో కూర్చున్న తెలుగాయన సంచి మీద అక్షరాలు చదివి, "పాతవేనాండీ?" అని ఆరా తీశాడు. "బాగా పాతవండీ," అన్నాడు శశికాంత్. నిజానికి వందేళ్ళు ఎప్పుడో దాటాయి.

ఇంటికైతే చేర్చాడు. దాచడమెక్కడ? ఆ ఇంట్లో వసుంధర చెయ్యి పెట్టని అర లేదు. ఉన్న ఒకే ఒక్క చోటు వంటింటి వెనక, బట్టలు ఆరేసే సందులో, అసలు గ్యాస్ మీటరు చుట్టూ కట్టించిన చిన్న అల్మరా. దాని తలుపు ఏడాదికొకసారి తెరిస్తే గొప్ప. అక్కడ మీటరు పక్కన మీటరుంటే అనుమానించేదెవరు? అసలు మీటరు పక్కన చెక్క మీద తన మీటరును కూర్చోబెట్టి, దాని నెత్తిన ఒకసారి చేత్తో రాసి, తలుపు మూశాడు. తనంత తెలివైనవాడు ఆ బ్లాకు మొత్తంలో లేడనుకున్నాడు. మర్నాడు మహర్నవమి అన్న సంగతి మాత్రం మరిచిపోయాడు.

ఇక్కణ్ణుంచి జరిగినదంతా శశికాంత్‌కు ముక్కలు ముక్కలుగా తెలిసింది. మనం వరసగానే చెప్పుకోవచ్చు.

శ్యామలాదేవి ఆయుధపూజ అంటే ఆషామాషీ వ్యవహారం కాదు. ఇంట్లో తిరిగేదీ, కోసేదీ, మోగేదీ ఏదైనా సరే, నవమినాడు బొట్టు పెట్టించుకోవలసిందే. ఫ్రిజ్జు, మిక్సీ, ఇస్త్రీపెట్టె, దీక్షిత లాప్‌టాప్ అన్నీ పసుపు కుంకాలతో పెళ్ళికూతుళ్ళయిపోతాయి. ఒక ఏడు ఆవిడ లిఫ్టుకు కూడా బొట్టు పెట్టింది. మర్నాడే లిఫ్టులో గోడలు పాడుచేయరాదని నాలుగు భాషల్లో కాగితం అంటించారు. ఆ నాలుగింటిలో తెలుగు లేదు గనక అది తనకు కాదనుకుంది ఆవిడ.

ఆదివారం పొద్దున్నే వసుంధర గుడికి వెళ్ళింది. శశికాంత్ ఇంకా నిద్ర లేవలేదు. శ్యామలాదేవి సాంబ్రాణి పొగ ఇల్లంతా పట్టించి, స్టవ్వుకు బొట్టు పెట్టి, స్టవ్వుకు గ్యాస్ ఇచ్చే మీటరును మాత్రం ఎందుకు చిన్నబుచ్చాలని వెనక అల్మరా తలుపు తీసింది. లోపల రెండు మీటర్లున్నాయి.

ఆవిడ పుట్టిందీ మెట్టిందీ కోనసీమ. రావులపాలెంలో వాళ్ళ వీధిలో అన్నదమ్ములు విడిపోతే ముందుగా వచ్చేవాడు లాయరు కాదు, కరెంటాఫీసు మనిషి. గోడ మీద రెండో మీటరు ఎక్కిందంటే లోపల రెండో పొయ్యి వెలిగిందన్నమాటే. ఆ మాట వీధికంతటికీ తెలిశాక గానీ ఇంట్లోవాళ్ళు పైకి అనేవారు కాదు. కరెంటుకే అలా ఉంటే, పొయ్యి మీదికొచ్చే గ్యాస్‌కు రెండో మీటరంటే ఇక చెప్పేదేముంది? శ్యామలాదేవి కుంకం భరిణె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తరవాత మనవరాల్ని కేకేసింది.

"అమ్మలూ, ఈ రేకు మీద ఏం రాసుందో చదువమ్మా."

దీక్షిత ఫోన్ లోంచి తల సగం ఎత్తింది. "త్రీ లైట్స్ అని ఉంది, నానమ్మా. మూడు దీపాలు. వెరీ ఓల్డ్ లా, దిస్ థింగ్."

మూడు దీపాలు! కొడుకు, కోడలు, మనవరాలు. మరి నాలుగో దీపం? రేకు మీద అంత స్పష్టంగా చెక్కించారంటే ఇది నిన్నా మొన్నా చేసిన ఆలోచన కాదనుకుంది శ్యామలాదేవి. కానీ నవమినాడు ఒక యంత్రాన్ని బోసిగా వదిలేయడం పాపం. కళ్ళొత్తుకుంటూనే అసలు మీటరుకు బొట్టు పెట్టి, రెండోదానికి కూడా పసుపు రాసి, కుంకం పెట్టి, మిగిలిన చామంతి దండ దాని మెడలో వేసింది.

శశికాంత్ లేచి కాఫీ కలుపుకుంటుండగా తల్లి వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఏరా అబ్బాయ్, వెనకాల అల్మరాలోది చూశాన్రా," అంది.

అతను గభాలున గుమ్మం వైపు చూశాడు. "చూశావా? వసుంధరకి చెప్పావా?"

"నేనెందుకు చెబుతాను? ఎన్నాళ్ళ బట్టీ ఈ ఆలోచన?"

"ఆర్నెల్లయిందమ్మా. ఇంట్లో పెడితే గొడవని అభిజిత్ వాళ్ళింట్లో ఉంచాను."

"అంటే ఊళ్ళోవాళ్ళందరికీ తెలుసు. తెలియందల్లా నాకే."

"ఎలా చెప్పాలో తెలీలేదమ్మా. అయినా నువ్వేం కంగారుపడకు. ఓ మూలన పడుంటుంది, ఎవరికీ అడ్డం రాదు. ఎవరి దారి వాళ్ళది."

"ఎవరి దారి వాళ్ళదేనా?" అంది శ్యామలాదేవి. ఆవిడ గొంతు వణకడం అతను గమనించలేదు. తల్లి తిట్టలేదు, అరవలేదు, భార్యతో చెప్పనంది. ఇంతకన్నా ఏం కావాలనుకున్నాడు. "నువ్వు అర్థం చేసుకుంటావని నాకు తెలుసమ్మా," అని తృప్తిగా కాఫీ తాగాడు.

శ్యామలాదేవి ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. ఒకరు పొమ్మనేదాకా ఆగడం ఆవిడ వంశంలోనే లేదు. నేరుగా పక్క ఫ్లాటుకు వెళ్ళింది. అక్కడుండే ఆవిడ పేరు చిన్నమ్మ. పేరే అంత, ఎవరికీ చిన్నమ్మ కాదు. మలేషియాలో తెలుక్ ఇంతాన్ పక్క ఎస్టేటులో పుట్టిన తెలుగు మనిషి. చాలా ఏళ్ళు ఒక స్కూలు క్యాంటీనులో వండి రిటైరైంది. సంగతంతా విని ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుంది.

"అయ్యో కడవుళే! మా ఎస్టేట్‌లో గూడా ఇదే కథ అక్కా. కొడుకు వేరే గ్యాస్ తోంగ్, అదే సిలిండర్, తెచ్చినాడంటే తల్లికి వేరే చట్టి అని అర్థం. అది సరే, ఈ మీటర్ ఎవరి పేరు మీద ఉంది?"

"నాకేం తెలుసమ్మా?"

"తెలుసుకోవాల లా! ఇది సింగపూర్. పేరు లేకుండా మీటర్ పెడితే ఫైన్ వేస్తారు. ఉండేదేదో మీ పేరు మీద రాయించుకోండి అక్కా. రేపు కోడలు ఆపేస్తే?"

శ్యామలాదేవికి ఆ మాట నచ్చలేదు గానీ, చిన్నమ్మ అటక మీంచి దించి ఇచ్చిన కరెంటు పొయ్యి మాత్రం తెచ్చుకుంది. మీటరు అల్మరా కింద, బట్టలు ఆరేసే సందులో పీట వేసుకుని, తన పొయ్యి తాను వెలిగించింది. ఆనపకాయ పులుసు పెట్టింది.

ఆ పులుసు గురించి ఒక మాట చెప్పాలి. అత్తగారిది కోనసీమ నోరు, పులుసులో బెల్లం పడితే గానీ ముద్ద దిగదు. కోడలిది వరంగల్లు నోరు, కారం ఘాటు నెత్తికెక్కితే గానీ తిన్నట్టుండదు. ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని ఈవిడ బెల్లం తగ్గించుకుంటూ, ఆవిడ కారం తగ్గించుకుంటూ వచ్చారు. ఏళ్ళు గడిచేసరికి ఆ ఇంటి పులుసు వేణ్ణీళ్ళకు దగ్గర చుట్టమైంది. ఆ రోజు శ్యామలాదేవి ఎవరి మొహమూ చూడకుండా నిమ్మకాయంత బెల్లం వేసింది. తరవాత, ఏడుపు వచ్చింది కదాని, ఇంకొంచెం వేసింది.

వసుంధర గుడి నుంచి వచ్చేసరికి వెనక సందులో కొత్త పొయ్యి, దాని ముందు అత్తగారు, పైన తెరిచి ఉన్న అల్మరాలో దండ వేసుకుని కొత్త మీటరు కనిపించాయి. అసలు మీటరుకు బొట్టు మాత్రమే ఉంది. పూలదండ రెండోదానికే ఉంది. ముహూర్తం చూసి, తాను ఇంట్లో లేని వేళ చూసి, కొత్త పొయ్యికి పూజ చేసి మరీ వెలిగించారని ఆమెకు క్షణంలో బోధపడింది. అత్తగారిని పల్లెత్తు మాట అనకుండా పడగ్గదిలోకి వెళ్ళి తలుపు వేసింది. శశికాంత్ అక్కడ కంప్యూటర్ ముందున్నాడు.

"శశీ, ఎనుక అల్మరాల రెండో మీటరేంది?"

శశికాంత్‌కు మంచం కింది తొట్టెలూ, కరంగుని ఆయనా ఒకేసారి కళ్ళముందు కదిలారు. "సారీ వసూ. నిన్ను ముందే అడగాల్సింది," అన్నాడు.

"అడగాల్సిందా? దండ గూడ వేసిన్రు దానికి!"

దండ సంగతి అతనికి కొత్త. "అమ్మ వేసుంటుంది. అమ్మకి నచ్చినట్టుంది," అన్నాడు కాస్త సంతోషంగానే.

"అయితే అత్తయ్యకు అంతా ఎరుకే."

"పొద్దున చెప్పాను. ఒక్క మాట కూడా అనలేదు తెలుసా? చక్కగా అర్థం చేసుకుంది."

"అర్థం చేసుకోనిదాన్ని నేనొక్కదాన్నే. నాకు చెప్తే ఒప్పుకోనని తల్లీ కొడుకులు కలిసి దొంగతనంగ పెట్టిన్రు."

"చెబితే ఒప్పుకునేదానివా మరి?" అన్నాడు శశికాంత్. నిజాయితీగా అడిగాడు పాపం.

వసుంధర కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పెళ్ళయిన నాటి నుంచి అత్తగారిని కన్నతల్లిలా చూసుకున్నాననుకుంది. ఆవిడకు తన చేతి వంట పడడం లేదని, ఆ మాట కొడుకుతో చెప్పుకుందే తప్ప తనతో అనలేదని ఆమె బాధ. విసురుగా వెళ్ళి గ్యాస్ వెలిగించి, చింతపండు చిక్కగా పిండి, నువ్వుల పొడి వేసి వంకాయ పులుసు పెట్టింది. ఏళ్ళుగా లెక్కపెట్టి వేసిన కారం ఆ రోజు గుప్పిటతో వేసింది. గోడకు ఇటు ఒకరు, అటు ఒకరు, రెండు పులుసులూ ఉడుకుతున్నాయి. శశికాంత్ మాత్రం గండం గడిచిందనుకుని కంప్యూటర్ ముందు కూనిరాగం తీస్తున్నాడు.

మధ్యాహ్నానికి తలుపు గంట మోగింది. చిన్నమ్మ, ఆవిడ భర్త పరశురాముడు వచ్చారు. ఆయన చేతిలో తమలపాకులూ అరటిపళ్ళూ పెట్టిన పళ్ళెం ఉంది. ఆయన రేవులో క్రేను తోలి రిటైరైన మనిషి. ఎవరింట్లో తగువున్నా పళ్ళెం పట్టుకుని వెళ్ళి తీర్చడం ఆయనకు సరదా. తీరినవి తక్కువే గానీ వెళ్ళనివి లేవు. ఆయన హాల్లో కూర్చుని అందర్నీ పిలిచాడు. అదే సమయానికి శ్యామలాదేవి ఫోనులో రాజమండ్రి నుంచి, ఆవిడ అప్పటికే సంగతి చెప్పి ఉంచిన తమ్ముడు సుధాకరరావు వీడియో కాల్లో ప్రత్యక్షమయ్యాడు. ఫోనును పళ్ళెంలోని అరటిపళ్ళకు ఆనించి నిలబెట్టారు.

"ఏరా మేనల్లుడా!" అని మొదలెట్టాడు ఆయన. "మా అక్కయ్యకి వేరు పొయ్యి పెడతావుట్రా? ఎంతటివాడివయ్యావురా! అక్కయ్యా, నువ్వు పెట్టె సర్దుకో. ఎల్లుండికి టికెట్టు తీసేస్తన్నాను. ఇంకా ఆ ఊరి మొహం చూడక్కర్లేదు."

"తియ్యరా తమ్ముడూ," అంది శ్యామలాదేవి. "ఒకే వైపుకి చాలు."

శశికాంత్‌కు అప్పుడు అర్థమైంది. తనమీద మోపిన నేరం తాను చేసిన నేరం కాదు. చేసినది వేరు, పొద్దుట్నుంచీ ఒప్పుకుంటున్నది వేరు. తల్లి నిజంగానే వెళ్ళిపోయేలా ఉంది.

"అమ్మా! వేరు పొయ్యేంటమ్మా? అది ఉత్త పాత మీటరు! ఎప్పటిదో! అది పనే చెయ్యదు!"

"పని చెయ్యని మీటర్ ఎవరు కొంటారు తంబీ?" అన్నాడు పరశురాముడు దయగా. "పెద్దోళ్ళ ముందర అబద్ధం వద్దు."

"దీపాల మీటరండీ. పూర్వం ఇళ్ళల్లో గ్యాస్ దీపాలుండేవి. లోపల తోలు తిత్తులుంటాయి, అవి ఊపిరి పీల్చినట్టు నిండుతూ ఖాళీ అవుతూ..."

"లోపల తోలు ఉందా? అక్క దానికి పూజ చేసినారు గదా!" అంది చిన్నమ్మ.

"మరి మూడు దీపాలని ఎందుకు చెక్కించావురా?" అని నిలదీసింది శ్యామలాదేవి.

అతను నోరు తెరిచేలోగా మళ్ళీ గంట మోగింది. ఈసారి గుమ్మంలో గ్యాస్ కంపెనీ చొక్కా తొడుక్కున్న మనిషి, చేతిలో కూతలు పెట్టే పరికరంతో నిలబడ్డాడు. చొక్కా మీద విఘ్నేశ్వరన్ అని ఉంది. సంగతేమిటంటే, పొద్దున చిన్నమ్మ ఆ మీటరును శ్యామలాదేవి పేరు మీద రాయిద్దామని కంపెనీకి ఫోన్ చేసింది. ఆదివారం కదా, అత్యవసరం వాళ్ళు తప్ప ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాళ్ళు వాసన ఏమైనా వస్తోందా అని అడిగారు. ఇల్లంతా సాంబ్రాణి వాసన. చిన్నమ్మ అబద్ధం ఆడే మనిషి కాదు, బాగా వస్తోందని చెప్పింది.

విఘ్నేశ్వరన్ ఎవరి మాటా వినకుండా వెనక సందులోకి వెళ్ళి, అల్మరా చూసి, తల గోక్కున్నాడు. మరుక్షణం అసలు మీటరు దగ్గర గ్యాస్ కట్టేశాడు. తమిళంలో, ఇంగ్లీషులో, చేతులతో చెప్పిందేమిటంటే, ఈ ఇంటికి ఒకటే మీటరు ఉండాలి, ఇక్కడ రెండున్నాయి, తన పైవాడు సరే అనేదాకా గ్యాస్ ఇవ్వడానికి లేదు. ఇంట్లో రెండు మీటర్లున్నాయి, ఒక్క మంట లేదు.

"సార్, మీరే చెప్పండి," అని బతిమాలాడు శశికాంత్. "దీనికి గొట్టం ఉందా?"

విఘ్నేశ్వరన్ రెండో మీటరును దండతో సహా ఎత్తి, కిందా మీదా చూసి, "పైప్ ఇల్లై," అన్నాడు.

"చూశారా!"

"ఇంకా కలపలేదన్నమాట," అంది చిన్నమ్మ. "దశమి రేపు గదా. రేపు కలుపుతారు."

ఫోన్లో సుధాకరరావు టికెట్ల ధరలు చదవడం మొదలెట్టాడు. శ్యామలాదేవి పెట్టె దించమని మనవరాలికి చెప్పింది. శశికాంత్‌కు ఏడుపొక్కటే తక్కువ. నిజం చెప్పినకొద్దీ అందరి కళ్ళకూ అతనొక దొంగలా కనిపిస్తున్నాడు.

వసుంధర మీటరు దగ్గరికి వెళ్ళింది. చామంతులు పక్కకు జరిపి రేకును చూసింది. అది ఇత్తడిది. అలా చూస్తూ ఉండగా ఆమె మొహంలో బాధ పోయి ఇంకేదో వచ్చింది. గబగబా పడగ్గదిలోకి వెళ్ళి, మంచం కింది రెండు తొట్టెలనూ బరబరా ఈడ్చుకొచ్చి హాలు మధ్యలో పడేసింది.

"నేను నమ్ముతున్న," అంది.

అందరూ ఆమెవైపు తిరిగారు.

"పెద్దమనుషులు జర వినుండ్రి. సక్కని మనిషైతే నేను గూడ నమ్మకపోదును. ఇవి చూడుండ్రి. గోడ లేని దీపాలు, గ్యాస్ రాని కుళాయిలు, ఒత్తి వెలగని బుడ్లు. ఇన్నేండ్లల్ల పని చేసే సామాను ఒక్కటన్న కొన్నడా? పని చెయ్యని మీటరు కండ్లకు కనిపిస్తే ఈయన ఆగుతడా? వేరు కాపురం పెట్టాల్నంటే ఎంత తెలివి కావాలె? గంత తెలివి మా ఆయనకు లేదు. అత్తయ్యా, మీ కొడుకు మీకు తెల్వదా?"

శ్యామలాదేవి తొట్టెల్లోకి తొంగి చూసింది. చూసి, కొడుకు మొహంలోకి చూసింది. చిన్నప్పుడు వీడు విరిగిన గడియారాలు దిండు కింద పెట్టుకుని పడుకునేవాడని గుర్తొచ్చి ఉంటుంది. ఆవిడ కుర్చీలో కూలబడి, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, ఇక ఆపుకోకుండా ఏడ్చేసింది. శశికాంత్ వెళ్ళి తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అతనికీ ఏడుపొచ్చింది.

"నిన్ను వేరు పెట్టి నేనేం తింటానమ్మా?" అన్నాడు.

"మరి మూడు దీపాలో?"

"మూడు దీపాలకి సరిపడా గ్యాస్ పంపగలదని అర్థమమ్మా. ఇంకా పెద్ద మీటర్లుంటాయి, వాటి మీద ఐదనీ పదనీ ఉంటుంది."

శ్యామలాదేవి ముక్కు తుడుచుకుంది. "కొనేదేదో ఐదుది కొనచ్చు కదరా. ఇంత గొడవుండేది కాదు."

విఘ్నేశ్వరన్ పైవాడితో ఫోనులో మాట్లాడి, రెండో మీటరు బొమ్మలు పంపి, దాని నెత్తిన వాడుకలో లేదని ఒక కాగితం అంటించి, గ్యాస్ వదిలిపెట్టాడు. పరశురాముడు పళ్ళెం ఇచ్చి, తన జన్మలో తీర్చిన తగువుల్లో ఇదొకటని లెక్కలో వేసుకున్నాడు. సుధాకరరావు మాత్రం ఈలోగా తీసేసిన టికెట్టు డబ్బు వెనక్కి రాదేమోనని వాపోతూ ఫోన్ పెట్టేశాడు. తగువు తీర్చడానికి వచ్చినవాళ్ళను ఆకలితో పంపకూడదు కదా. అన్నం వండి, పొద్దున ఎవరికి వాళ్ళు పెట్టుకున్న రెండు పులుసులూ వడ్డించారు. పరశురాముడు ఒకదానికి నాలుక చప్పరించాడు, రెండోదానికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు, రెండూ మారు వడ్డించుకున్నాడు.

సాయంత్రం శ్యామలాదేవి కరెంటు పొయ్యిని శుభ్రంగా తుడిచింది. మళ్ళీ తుడిచింది. చిన్నమ్మకు తిరిగి ఇచ్చేయాలని చేతిలోకి తీసుకుని, గుమ్మం దాకా వెళ్ళి నిలబడింది.

"అత్తయ్యా," అంది వెనకనుంచి వసుంధర. "ఉండనీయుండ్రి."

"వద్దులేమ్మా. నలుగురూ వేరు పడ్డారనుకుంటారు."

"అనుకుంటే అనుకోనీ." వసుంధర ఆవిడ చేతిలోంచి పొయ్యి అందుకుంది. "ఒక మాట చెప్తే ఏమనుకోరు గద? మధ్యాహ్నం నా పులుసు తింటుంటే పాణం లేచొచ్చినట్టైంది. పెండ్లయినంక గంత కారం నేను తినలే."

శ్యామలాదేవి అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "నేను రెండు గరిటెలు గిన్నెలోంచే తాగేశానే అమ్మాయ్. బెల్లం పులుసు. ఆయ్!"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలియదు గానీ, పడగ్గదిలో తొట్టెలు మంచం కిందికి నెట్టుకుంటున్న శశికాంత్‌కు ఆ నవ్వులు వినిపించి, తన గురించేమోనని భయపడ్డాడు. కాసేపటికి వసుంధర వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ మీటరు ఆడనే ఉండనీ," అంది. "అత్తయ్య పొయ్యికి పైన ఉంటది. మంచిగనే ఉంది."

శశికాంత్ తన చెవులు తనవేనా అనుకున్నాడు. ఆ రాత్రి అభిజిత్‌కు ఫోన్ చేసి, ఆడవాళ్ళను ఒప్పించడం ఎలాగో కాస్త గర్వంగానే చెప్పాడు.

ఇప్పుడా ఇంట్లో రెండు పొయ్యిలు. వేరు కాపురమా అని ఎవరైనా అడిగితే అత్తా కోడళ్ళిద్దరూ కొట్టినంత పని చేస్తారు. కూరలు కలిసే తరుగుతారు, పెసరట్ల పిండి కలిసే రుబ్బుతారు, పులుసు దగ్గర మాత్రం ఎవరి గిన్నె వాళ్ళది. దీక్షిత తెలివైన పిల్ల, డైటింగ్ అని చెప్పి తప్పించుకుంది. శశికాంత్ ముందు మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి రెండేసి గిన్నెలు వచ్చి కూర్చుంటాయి. అమ్మది తిని భార్యది వద్దనడానికి గానీ, భార్యది తిని అమ్మది వద్దనడానికి గానీ అతనికి గుండె చాలదు. వడ్డించేవాళ్ళిద్దరూ కంచం వంకే చూస్తూ నిలబడతారు.

రెండో మీటరు వచ్చింది, రెండో పొయ్యి వచ్చింది. రెండో పొట్ట మాత్రం శశికాంత్ సొంతంగా పెంచుకోవలసి వచ్చింది.